దుబాయ్‌లో విమానం మారేటప్పుడు: కడప ప్రయాణికులకు సమస్య – పరిష్కారం

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు పనికి వెళ్లేవారిలో చాలామంది చెన్నైలోనో బెంగళూరులోనో విమానమెక్కి, దుబాయ్‌లో మరో విమానంలోకి మారతారు. అక్కడ తలెత్తే పెద్ద చిక్కులు టికెట్టు కొన్నప్పుడో సామాను కట్టినప్పుడో మొదలైనవే కాబట్టి, బయలుదేరక ముందే వీటిని సరిచూసుకోవడం మేలు.

సమస్య: సామాను దుబాయ్‌లోనే తీసుకోవాలంటున్నారు.
రెండు ప్రయాణాలకు టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు, సామాను సాధారణంగా మొదటి టికెట్టు ముగిసే చోటికే వెళ్తుంది. దాన్ని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి. అందుకు యూఏఈ వీసా కావాలి, కువైట్ వీసా ఒక్కటే ఉంటే బయటికి పంపరు. నాలుగు డబ్బులు తగ్గుతాయని ఏజెంటు చెప్పినా విడి టికెట్లకు ఒప్పుకోవద్దు. చెక్‌ఇన్ కౌంటరు దగ్గర పెట్టెకు కట్టిన చీటీపై చివరి గమ్యంగా కువైట్ సంకేతం ‘కె.డబ్ల్యు.ఐ.’ ఉందో లేదో చూసుకుని, రెండో బోర్డింగ్ పాసు కూడా అక్కడే అడిగి తీసుకోవాలి. ఆంగ్లం రానివారు ఆ మూడక్షరాలను టికెట్టుపై ఉన్నవాటితో పోల్చుకోవచ్చు.

సమస్య: రెండో విమానం గేటు దొరకడం లేదు.
ఈ విమానాశ్రయంలో మూడు టెర్మినళ్లున్నాయి. ఎమిరేట్స్ విమానాలు నడిచే మూడో టెర్మినల్‌లో ఏ, బీ, సీ అనే విభాగాలున్నాయి. ఒకటో టెర్మినల్ గేట్లు డీ విభాగంలో ఉంటాయి. ఫ్లైదుబాయ్ విమానాలు ఎక్కువగా నడిచే రెండో టెర్మినల్ రన్‌వేలకు అవతలి వైపున ఉంది. గేటు సంఖ్యకు ముందున్న అక్షరమే విభాగం పేరు. దిగగానే సామాను తీసుకునే వైపు కాకుండా ‘కనెక్షన్స్’ అన్న బోర్డు వెంట నడిచి, తెరపై మీ విమాన సంఖ్య ఎదుట ఉన్న గేటును చూసుకోవాలి. రెండు, మూడు టెర్మినళ్ల మధ్య మారేవారికి లోపలి నుంచే బస్సు ఉంటుంది.

సమస్య: సమయం దాటిపోయిందన్న కంగారు.
దుబాయ్ సమయం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. ఫోను ఇంకా భారత సమయమే చూపుతుంటే, అక్కడ తొమ్మిదిన్నర అయినప్పుడు మీకు పదకొండు కనిపిస్తుంది. పాసుపై ఉండేది దుబాయ్ సమయమే కనుక, అక్కడి తెరలపై గడియారాన్నే నమ్మాలి.

సమస్య: తనిఖీలో సామాను పక్కన పెట్టారు.
మారేవారికి కూడా మళ్లీ భద్రతా తనిఖీ ఉంటుంది. చేతిసంచిలో నెయ్యి, నూనె తేలే ఊరగాయ వంటివి వంద మిల్లీలీటర్లు మించితే ఆపేస్తారు. అంతకంటే ముఖ్యమైనది గసగసాలు: యూఏఈలో అవి నిషిద్ధం. కోడికూరకని అమ్మ దంచి కట్టిన మసాలా పొడిలో అవి కలిసి ఉండవచ్చు. అడిగి తెలుసుకుని, ఉంటే ఇంట్లోనే వదిలేయాలి. ట్రామడాల్, కోడీన్ ఉన్న మందుల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం.

సమస్య: మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయింది.
రెండూ ఒకే టికెట్టులో ఉంటే, తర్వాతి విమానంలో పంపే బాధ్యత సాధారణంగా విమాన సంస్థదే. బయటికి వెళ్లకుండా ఆ సంస్థ ట్రాన్స్‌ఫర్ డెస్కుకు వెళ్లి పాస్‌పోర్టు, పాసు, సామాను చీటీ ముక్క చూపించాలి.