కొత్త రచయితకు ‘బాగుంది’ అని చెప్పి ఊరుకోకండి

విశాఖ ద్వారకానగర్‌లో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులతో పాటు కథలూ టైపు చేస్తాం. దీపావళి కథల పోటీల ప్రకటనలు పడ్డాయంటే చాలు, రిటైరైనవాళ్ళు, గృహిణులు, స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్ళు అరఠావు కాగితాలు పట్టుకుని వస్తారు. అలా చాలా కథలకు మొదటి పాఠకురాలిని నేనే. డబ్బులిచ్చి వెళ్తూ వెళ్తూ “ఎలా ఉందమ్మా?” అంటారు. అడుగుతున్నది ఫాంటు గురించి కాదని మొహం చూస్తేనే తెలుస్తుంది.

మీకూ ఎవరో ఒకరు కథ ఇచ్చి అలా అడిగే ఉంటారు. ఏం చెప్పాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

“చాలా బాగుందండీ” అంటే ఎవరికీ నష్టం లేదు, లాభమూ లేదు. చదవకుండా కూడా ఆ మాట అనొచ్చు, ఆ సంగతి రాసినవాళ్ళకీ తెలుసు. అందుకే చదివేటప్పుడు పెన్సిలు దగ్గర పెట్టుకోండి. నవ్వొచ్చిన చోట, కళ్ళు చెమర్చిన చోట, వెనక్కెళ్ళి మళ్ళీ చదివిన చోట అంచున చిన్న గీత పెట్టండి. తర్వాత వాటిలో ఒకటో రెండో చాలు. ఆ వాక్యాన్ని వాళ్ళ మాటల్లోనే వాళ్ళకి చదివి వినిపించి, అక్కడ మీకేమనిపించిందో చెప్పండి.

గాజువాక నుంచి ఒక మాస్టారు వస్తుంటారు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ముసలామె కథ తెచ్చారు. ఆమె రాత్రి ఇంటికొచ్చి, మనవడి పుస్తకం ముట్టుకునే ముందు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటుంది. ఒక్క వాక్యం, అంతే. ఆ తర్వాత చదువు గొప్పతనం మీద ఒకటిన్నర పేజీ ఉపన్యాసం. నేను ఉపన్యాసం ఊసెత్తలేదు. “మాస్టారూ, నిమ్మచెక్క దగ్గర టైపింగ్ ఆపేశానండి. మా అమ్మమ్మ చేతులు గుర్తొచ్చాయి” అన్నాను. ఆయన ఏమీ అనకుండా ప్రూఫు తీసుకెళ్ళారు. మర్నాడు తెచ్చేసరికి ఉపన్యాసం మొత్తం కొట్టేసి ఉంది. ఏది గింజో చూపిస్తే, తాలేదో రాసినవాళ్ళే చెరిగేసుకుంటారు.

మరి తప్పులు? చెప్పాలి. కానీ మెచ్చుకున్నాక, విడిగా, ప్రశ్నలాగా. అదే కథలో మే నెలలో మరబోటు వేటకెళ్తుంది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వాటికి వేట నిషేధం. “మే నెలలో బోట్లన్నీ జెట్టీ దగ్గరే ఉంటాయి కదండీ?” అంటే చాలు, నెల ఆయనే మార్చుకుంటారు. అదే మాట నలుగురి ముందు అన్నారనుకోండి, ఆ నలుగురే గుర్తుంటారు, నెల గుర్తుండదు. యాస జోలికి అసలు వెళ్ళొద్దు. “ఏటి సేస్తన్నావే” అని ముసలామె అంటే, ఆమె అలాగే అంటుంది.

పొగడ్తకీ హద్దుంది. మొదటి కథకే మహారచయితల సరసన కూర్చోబెడితే రెండో కథకి టెన్షన్‌తో పెన్ను కదలదు. నచ్చనిదాన్ని నచ్చిందనీ చెప్పొద్దు. ఏ కథలోనైనా ఒక వీధో, ఒక కూరో, ఒక తిట్టో నిజంగా ఉంటుంది, దాన్ని పట్టుకోండి. అదీ దొరక్కపోతే “ఇది రాయాలని ఎందుకనిపించింది?” అని అడగండి. చాలాసార్లు కాగితం మీదున్న కథకన్నా ఆ జవాబే బాగుంటుంది. “అయ్యో, ఇదే రాయొచ్చు కదా” అనేయండి.

వీలైతే రాసి ఇవ్వండి. పోస్టుకార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. వాట్సాపైనా సరే, చప్పట్ల బొమ్మలు మాత్రం లెక్కలోకి రావు. మా దగ్గరికొచ్చే ఒకావిడ, ఎవరో పాఠకుడు రాసిన కార్డుని తెచ్చి లామినేషన్ చేయమన్నారు. కార్డులో ఉన్నదల్లా “రైలు సీను మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఆవిడ రెండోసారి చదవమంది” అని. ఇంకో పొగడ్త లేదు.

ఇక పోటీ ఫలితాలొచ్చిన వారం. మన విశాఖలో బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథల గ్రంథాలయం పెట్టారు. అచ్చయిన కథకి అక్కడ చోటుంది. తిరిగొచ్చిన కథకి మాత్రం చదివిన మనమే దిక్కు. “పత్రికలవాళ్ళకేం తెలుసులెండి” అని ఓదార్చకండి, రేపు వాళ్ళకే పంపాలి. గీత పెట్టిన వాక్యం ఇంకోసారి గుర్తుచేసి, మరో పత్రిక అడ్రసు ఇవ్వండి. కథ సొంతమేనని, ఇంకెక్కడా అచ్చు కాలేదని రాసిచ్చే హామీపత్రం కొత్తగా రాసి, తేదీ వేసి జతచేయమనండి. టైపు చేసిన ఫైలు మా సిస్టంలో ఎలాగూ ఉంటుంది. మళ్ళీ ప్రింటు తీసినందుకు నేను తీసుకునేది కాగితం ఖర్చే.