కిర్రుమనే చెక్క మెట్లను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

మాది న్యూజెర్సీలో రెండంతస్తుల చెక్క ఇల్లు. రాత్రి పదకొండింటికి పాపను నిద్రపుచ్చి పిల్లిలా కిందికి దిగుతుంటే, సరిగ్గా ఐదో మెట్టు దగ్గర ‘కిర్ర్’మనేది. వెంటనే పైనుంచి ఏడుపు. కొన్నాళ్లు ఆ మెట్టు మీద కాలు పెట్టకుండా దాటేసి దిగాం. ఇండియా నుంచి మా అత్తగారు వచ్చాక ఆ ఆటలు సాగలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని మెట్టు దాటేసి దిగమని ఎలా చెప్తాం? అలా నా చేతికి డ్రిల్ వచ్చింది.

ఊళ్లో మన మెట్లు రాతివో సిమెంటువో కాబట్టి ఈ బాధ మనలో చాలామందికి కొత్త. పాత మేడల్లో టేకు మెట్లు ఉన్నవాళ్లకు మాత్రం బాగా తెలిసే ఉంటుంది.

అసలు ఎందుకు కిర్రుమంటుంది?

మెట్టులో ముఖ్యంగా మూడు ఉంటాయి. కాలు పెట్టే అడ్డ పలక, దాని వెనక నిలబడే నిలువు పలక, ఈ రెంటినీ మోసే ఏటవాలు దూలాలు. దూలాలు రెండు పక్కలా రెండు, చాలా ఇళ్లలో మధ్యన ఇంకొకటి. చలికాలంలో హీటర్ వేసేసరికి ఇంట్లో గాలి పొడిబారి చెక్క కుంచించుకుపోతుంది, మేకుల పట్టు వదులవుతుంది. కాలు మోపగానే పలక వెంట్రుకవాసి కిందికి దిగి, మేకునో పక్క పలకనో ఒరుసుకుంటుంది. మనకు వినబడేది ఆ ఒరిపిడే. ఆ కదలిక ఆపితే చప్పుడు ఆగుతుంది.

ఈ పని చలికాలంలో పెట్టుకుంటేనే మేలు. అప్పుడు సందులు బాగా విచ్చుకుని కంటికి కనబడతాయి.

ముందు చోటు పట్టుకోండి

నేను తొందరపడింది ఇక్కడే. చప్పుడు కుడి పక్కనుంచి వస్తోందనుకుని అటు రెండు స్క్రూలు దింపేశాను. మెట్టు పాట మారలేదు. చెక్కలో చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట వినబడుతుంది, చెవిని ఒక్కదాన్నే నమ్మకూడదు.

ఇద్దరుంటే తేలిక. ఒకరు మెట్టు మీద నిలబడి బరువును ఎడమకు, మధ్యకు, కుడికి, తర్వాత ముందు అంచుకు, వెనక్కి నెమ్మదిగా మారుస్తూ ఉండాలి. రెండోవాళ్లు కింద కూర్చుని, రెండు పలకలు కలిసే చోట వేళ్లు ఆనించి చూడాలి. కదలిక వేలికి తెలుస్తుంది. అనుమానం ఉన్నచోట పాత క్రెడిట్ కార్డు దూర్చి చూడండి. లోపలికి జారిందంటే అక్కడ సందు ఉన్నట్టే. మా ఐదో మెట్టులో కార్డు ఎడమ పక్క, వెనక అంచు దగ్గర సగం దాకా దిగింది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని అప్పుడు సామాను తీయండి.

మెట్ల కింద చోటుంటే

బేస్‌మెంట్ వైపునుంచో, మెట్ల కింద క్లోజెట్‌లోంచో మెట్ల అడుగు కనబడుతుంటే మీ అదృష్టం. పైన ఒక్క గీత పడకుండా పని అయిపోతుంది.

సన్నటి చెక్క చీలికకు (హార్డ్‌వేర్ షాపులో షిమ్స్ అంటే ఇస్తారు) రెండు వైపులా వుడ్ గ్లూ రాసి సందులోకి చేత్తో తొయ్యండి. చేతికి రానప్పుడు సుత్తితో చిన్నగా తట్టండి, బిగుసుకోగానే ఆపేయండి. ఇంకా బాదితే పలక పైకి లేచి పక్కన కొత్త సందు పుడుతుంది. బయటికి పొడుచుకొచ్చిన ముక్కను కత్తితో కోసేయండి.

తర్వాత అడ్డ పలక, నిలువు పలక కలిసే మూలలో మూడు నాలుగు అంగుళాల చెక్క దిమ్మె పెట్టండి. దానికి ఆనే రెండు ముఖాలకూ గ్లూ రాసి, రెండు వైపులా స్క్రూలతో బిగించండి. స్క్రూ పొడవు ముందే కొలుచుకోండి, మొన పైకి వచ్చిందంటే ఎవరో ఒకరి అరికాలికి గుచ్చుకుంటుంది. ఒక రోజంతా ఆ మెట్టు తొక్కకండి. ఇంట్లో పిల్లలుంటే ఇదే అన్నిటికన్నా కష్టమైన స్టెప్పు.

కింద డ్రైవాల్‌తో (గోడలకు వేసే జిప్సం పలకతో) మూసేసి ఉంటే

అప్పుడు పైనుంచే చెయ్యాలి. తల చిన్నగా ఉండే రెండున్నర అంగుళాల ట్రిమ్ స్క్రూలు తీసుకోండి. దూలం ఎక్కడుందో స్టడ్ ఫైండర్‌తో (లోపల దూలం ఉన్న చోటును పట్టిచ్చే చిన్న పరికరంతో) చూడండి, లేదా పాత మేకుల వరుసను బట్టి పోల్చుకోండి.

స్క్రూ కన్నా సన్నటి బిట్‌తో ముందు రంధ్రం వెయ్యడం మాత్రం మానకండి. నేను ‘ఒక్కటే కదా’ అని నేరుగా దింపితే ఓక్ పలక ముందు అంచు టప్పున చీలింది. గ్లూ పూసి క్లాంపు బిగించి ఒక రాత్రి ఉంచితే అతుక్కుంది కానీ, ఆ గీత ఇప్పటికీ కనబడుతుంది. టేకైనా అంతే, రంధ్రం లేకుండా స్క్రూ దింపకండి.

రెండు స్క్రూలను ఎదురెదురు వాలుగా, ‘వి’ ఆకారంలో దింపితే పట్టు బాగుంటుంది. బిగించేటప్పుడు ఎవరినైనా ఆ మెట్టు మీద నిలబడమనండి. ఆ బరువుకు సందు మూసుకుంటుంది, అలా ఉండగానే స్క్రూ పట్టేస్తుంది. మా ఇంట్లో ఆ బరువు మా అత్తగారు. కాఫీ తాగుతూ నిలబడ్డారు. స్క్రూ తల కాస్త లోపలికి దిగాక, పలక రంగుకు సరిపోయే వుడ్ ఫిల్లర్‌తో పూడ్చేయండి.

కార్పెట్ ఉంటే డ్రిల్ బిట్ పెట్టకండి, దారం బిట్‌కు చుట్టుకుని పొడవునా ఊడొస్తుంది. దిగాక పై భాగం కార్పెట్ కింద విరిగిపోయే ప్రత్యేకమైన స్క్రూలు కిట్లుగా దొరుకుతాయి, వాటిని వాడండి.

ఇదంతా ఈ వారం కుదరకపోతే సందులో టాల్కం పౌడర్ చల్లి, బ్రష్‌తో లోపలికి దింపండి. కొన్నాళ్లు ఊరుకుంటుంది. నూనె మాత్రం వద్దు, మరక పడుతుంది, దుమ్ము పడుతుంది, పైగా కాలు జారుతుంది.

ఆగి చూడాల్సినవి

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. టెస్ట్ చేయించకుండా గీకడం, డ్రిల్ చెయ్యడం వద్దు. మెట్టు కిర్రుమనడమే కాక కుంగుతున్నా, దూలంలో పగులు కనబడినా స్క్రూలతో సర్దకుండా కార్పెంటర్‌ని పిలవండి. అద్దె ఇల్లయితే ఓనర్‌కి చెప్పే మొదలుపెట్టండి.

మా ఐదో మెట్టు నోరు మూసుకుంది. తొమ్మిదోది మొన్నటినుంచి సన్నగా అందుకుంది. ఇప్పుడింకా ఆగస్టు, కార్డు దూర్చి చూస్తే దిగడం లేదు. హీటర్ వేసేదాకా ఆగుదామనుకుంటున్నా.