వానలు తక్కువన్నా తుపాను రాదని కాదు: ఫిజీలో నవంబరుకు ముందే చూసుకోవాల్సినవి

ఫిజీలో తుపాను సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. దీపావళి దాటాక మొదలై, ఉగాది అయిపోయినా పూర్తిగా వదలదు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి చెరకు తోటల్లో కూలికి వచ్చిన దక్షిణాది వాళ్లలో తెలుగువాళ్లూ చాలామందే ఉన్నారు. వాళ్ల మునిమనవలకు నేను చెప్పాల్సిందేమీ లేదు. ఉద్యోగాల మీద కొత్తగా ఇక్కడికి వచ్చినవాళ్ల కోసం, ఇక్కడ మనవాళ్లున్నారని ఊళ్లో టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

సీజన్ మొదలయ్యే ముందు ఫిజీ వాతావరణ శాఖ అంచనా ఇస్తుంది. అందులో వానల సంగతి వేరు, తుపాన్ల సంగతి వేరు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. వానల విషయంలో సాధారణం కంటే తక్కువ, సాధారణం, ఎక్కువ అని మూడింటికీ శాతాలు ఉంటాయి. ‘తక్కువ’ దగ్గర 50 శాతం అని ఉంటే, మిగతా సగం అవకాశం మామూలు వానలకో భారీ వానలకో ఉన్నట్టే. ఆ ఒక్క అంకె చూసి కాలవలు బాగుచేయించడం మానేయకండి.

దక్షిణ పసిఫిక్‌లో వానమబ్బులు కమ్ముకునే పట్టీ ఒకటుంది. మధ్య, తూర్పు పసిఫిక్ నీళ్లు మామూలు కంటే వేడెక్కితే ఎల్‌నినో, చల్లబడితే లానినా అంటారు. ఎల్‌నినో వస్తే ఆ పట్టీ ఈశాన్యానికి జరిగి ఫిజీలో వానలు తగ్గుతాయి. లానినాలో నైరుతికి దిగి వానలు పెరుగుతాయి. 1997-98 ఎల్‌నినోలో కరువుతో చెరకు ఎండిపోయింది. 2015-16లోనూ బలమైన ఎల్‌నినోనే. కానీ ఆ సీజన్‌లోనే, 2016 ఫిబ్రవరి 20న, విన్‌స్టన్ కేటగిరీ 5, అంటే అన్నిటికంటే తీవ్రమైన స్థాయి తుపానుగా ఫిజీని తాకింది. 44 మంది చనిపోయారు. కోరో దీవిలో, రాకిరాకి వైపు ఊళ్లకు ఊళ్లే నేలమట్టమయ్యాయి. 2020 డిసెంబరులో వనువా లేవు దీవి మీద పడిన యాసా తుపాను కూడా కేటగిరీ 5, అది లానినా ఏడాది. అంచనా ఎలా ఉన్నా ఇంటికి చేయాల్సిన పని మాత్రం మారదు. ఈ ఒక్క మాట పట్టుకోండి, చాలు.

విన్‌స్టన్ టోంగా దాకా వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి పడమరగా ఫిజీ మీదికి వచ్చింది. అందుకే తుపాను దూరంగా పోతోందన్న వార్త వినగానే కిటికీలకు కొట్టిన చెక్కలు ఊడదీయకండి. హెచ్చరిక ఎత్తేశామని వాతావరణ శాఖ చెప్పేదాకా ఆగండి. కరెంటు, సిగ్నల్ పోతే బ్యాటరీ రేడియోనే దిక్కు. రేడియో ఫిజీ టూలో హిందీలో చెబుతారు, మనలో చాలామందికి అర్థమవుతుంది.

ఇంటి విషయంలో మొదట చూడాల్సింది కప్పు. ఇక్కడ చాలా ఇళ్లవి రేకుల కప్పులే. గాలి ముందు చూరు కిందికి దూరి అంచు రేకుని పైకి లేపుతుంది. అదొక్కటి లేచిందంటే మిగతావి వరసగా పోతాయి. ఎండగా ఉన్న రోజు నిచ్చెన వేసి అంచుల దగ్గర స్క్రూలు ఒక్కొక్కటీ చూడండి. చుట్టూ తుప్పు మరక ఉన్నది, చేత్తో ఆడిస్తే కదిలేది మార్చేయండి. దూలాల్ని గోడకు బిగించే ఇనుప పట్టీలు ఉన్నాయో లేదో కూడా చూడండి. అద్దె ఇల్లయితే ఓనరుని అడగడానికి మొహమాటపడొద్దు. హెచ్చరిక వచ్చాక హార్డ్‌వేర్ షాపులో ప్లైవుడ్ దొరకడం కష్టం, అక్టోబరులోనే కోయించి పెట్టుకోండి. అద్దాలకు టేపు అంటిస్తే పగలవనుకోవడం ఉత్త భ్రమ. పెరట్లో వదిలేసిన పాత రేకు ముక్క గాల్లో కత్తిలా వస్తుంది, దాన్ని ముందే తీసేయండి.

2014లో హుద్‌హుద్‌ని విశాఖలో చూసినవాళ్లకు తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, సంగతి తెలుసు. అది మీదికి వస్తే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అది చూసి బయటికి వస్తే, కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంత జోరుగానూ కొడుతుంది. బంగాళాఖాతం తుపాన్లు గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతాయి, ఇక్కడివి ముల్లు తిరిగే వైపే. ఊళ్లో ఏ వైపు గది భద్రమో తెలిసిన లెక్క ఇక్కడ పనికిరాదు. ఇంటి మధ్యలో, కిటికీలు లేని గది చూసి పెట్టుకోండి. ఇంటి మీద నమ్మకం లేకపోతే దగ్గర్లోని ఎవాక్యుయేషన్ సెంటరు ఏదో ముందే కనుక్కుని, చీకటి పడకముందే వెళ్లండి.

నాండి, బా పట్టణాలకు గాలి కంటే ఏరుతోనే ఎక్కువ భయం. 2009 జనవరిలో, 2012లో జనవరి, మార్చిలలో రెండుసార్లు వరదలొచ్చాయి. కొండల్లో కురిసిన నీళ్లు దిగే వేళకు సముద్రం పోటు మీద ఉంటే ఏరు పోయే దారి లేక వీధుల్లోకి వస్తుంది. కాబట్టి వానతోపాటు పోటు వేళలు కూడా చూసుకోండి. వాగుల మీద ఎత్తు తక్కువ వంతెనలు చాలా ఉన్నాయి. నీళ్లు వాటి మీదుగా పారుతుంటే కారు దింపొద్దు, ముందు వెళ్లిన బండి దాటినా సరే.

తాగునీళ్లు, టార్చి, నెలకు సరిపడా బీపీ, షుగరు మందులు, కొంత నగదు, ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టులు, ఇవి ఎలాగూ ఉండాలి. ఊళ్లో అమ్మానాన్నలకు ఒక మాట ముందే చెప్పండి: తుపాను తర్వాత రెండు మూడు రోజులు ఫోన్ కలవకపోవచ్చు, సిగ్నల్ రాగానే ఒక్క మెసేజ్ పెడతాను అని. అక్కడ రాత్రి పదయితే ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర, అదీ గుర్తుచేయండి.

వరద తీశాక వచ్చే జబ్బుల్ని తేలిగ్గా తీసుకోకండి. 2012 వరదల తర్వాత ఇక్కడ లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం, బాగా పెరిగింది. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్లు, బురద కాళ్ల మీది చిన్న గీతల్లోంచి కూడా ఒంట్లోకి చేరతాయి. బూట్లు, గ్లౌజులు లేకుండా బురద ఎత్తొద్దు, పిల్లల్ని ఆ నీళ్లలో ఆడనివ్వొద్దు. నీళ్లు కాచి తాగండి. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెర్రబడటం ఉంటే రెండు రోజులు చూద్దామని ఆగకండి. అది డెంగ్యూ కూడా కావచ్చు, కాబట్టి సొంతంగా వేసుకుంటే పారాసిటమాల్ ఒక్కటే, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. డాక్టరు అడగకపోయినా, వరద నీళ్లలో దిగానని మీరే చెప్పండి.