జిమ్ ట్రైనర్ ఇంటర్వ్యూ: ఎక్కడ ఆగిపోతున్నారు, ఎందుకు, ఏం చేయాలి

హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి జిమ్‌లో హెడ్ ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. కొత్త ట్రైనర్లను తీసుకునేటప్పుడు బల్లకు ఇవతలి పక్కన కూర్చునేది నేనే. వచ్చేవాళ్లలో చాలామందికి నాకంటే మంచి భుజాలుంటాయి. అయినా వెనక్కి పంపుతుంటాం. "సార్, ఎక్కడ తప్పింది?" అని అడిగి వెళ్లేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లకు చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇబ్బంది ఏదో ముందు అది చదువుకోండి, మిగతావి తీరిగ్గా చూడవచ్చు.

"రెజ్యూమె పంపుతున్నాను, ఫోను రావడం లేదు"

మొదటి పేజీ సగం మీ చొక్కా లేని ఫొటోకే పోయిందా? అయితే మేనేజరుకు కావలసిన సంగతులు రెండో పేజీలో ఉండిపోయాయి, ఆయన అక్కడిదాకా వెళ్లలేదు. ఆయన చూసేవి మూడే: ఎక్కడ ఉంటారు, ఏ షిఫ్టుకు రాగలరు, సర్టిఫికెట్ ఏమిటి. జిమ్‌లో రద్దీ తెల్లవారు ఐదున్నర నుంచి పదింటి దాకా, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. ఎల్బీ నగర్‌లో ఉంటూ గచ్చిబౌలిలో ఉదయం షిఫ్టు అడిగితే, నాలుగున్నరకు బండి తీయగలడా అన్న అనుమానంతోనే కాగితం పక్కకు పెడతారు. రాగలిగితే ఆ మాట మొదటి వరుసలోనే రాయండి.

"సర్టిఫైడ్ ట్రైనర్" అని ఊరుకోవద్దు. ఏస్, ఏసీఎస్‌ఎం, ఇస్సా, కె11 లాంటి శిక్షణ సంస్థలది, లేదా కేంద్ర నైపుణ్య పథకం కింద చేసిన కోర్సు, ఏదైనా సరే పేరు, సంవత్సరం, గడువు తేదీ రాయండి. ప్రథమ చికిత్స, సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి ఊపిరి పోయడం) సర్టిఫికెట్లకూ సాధారణంగా రెండేళ్ల గడువు ఉంటుంది. అది దాటిపోతే ఇంటర్వ్యూకు ముందే మళ్లీ చేయించుకోండి.

"ప్రశ్నలకు బాగానే చెప్పాను, ఫ్లోర్ మీదికి తీసుకెళ్లాక వద్దన్నారు"

ఎక్కువమంది పోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మా ఇంటర్వ్యూలో రెండో భాగం ఇలా ఉంటుంది. నన్ను చూపించి, "ఈయన జిమ్‌కు రావడం ఇదే మొదటిసారి. స్క్వాట్ నేర్పండి" అంటారు మేనేజరు. స్క్వాట్ అంటే గొంతుకూర్చుని లేచే వ్యాయామం. వచ్చినవాళ్లు నేరుగా ర్యాక్ దగ్గరికి వెళ్లి, బార్ భుజాలకెత్తుకుని, తామే ఐదు రెప్స్, అంటే ఐదుసార్లు, చేసి చూపిస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది. ఆ ఐదు రెప్స్‌లోనూ వాళ్ల చూపు అద్దంలో తమ మీదే ఉంటుంది. నేర్చుకోవలసినవాణ్ని నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడతాను.

ఆ తర్వాత నా వంతు. కావాలనే మడమలు పైకి లేపి కూర్చుంటాను. ఆమధ్య వచ్చిన ఒక అబ్బాయి "మడమలు కింద పెట్టండి సార్" అన్నాడు. పెట్టలేదు. మళ్లీ అన్నాడు, ఇంకొంచెం గట్టిగా. నాలుగోసారికి పక్క ట్రెడ్‌మిల్ మీదున్నవాళ్లు తిరిగి చూశారు. నా మడమలు మాత్రం కిందికి రాలేదు. అతడు చెప్పింది తప్పేమీ కాదు. కానీ ఎందుకు లేస్తున్నాయో తెలుసుకోవడానికి ఒక్కసారి కూడా కిందికి వంగి చూడలేదు.

మడమ లేవడానికి నాలుగైదు కారణాలుంటాయి. చీలమండ బిగుసుకుపోయి ఉండవచ్చు. పాదాలు మరీ దగ్గరగా పెట్టి ఉండవచ్చు. వెనక్కి పడిపోతానన్న భయంతో బరువంతా మునివేళ్ల మీద మోపుతూ ఉండవచ్చు. తేల్చుకోవడానికి ఒక గోడ చాలు. బొటనవేలు గోడకు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేపకుండా మోకాలిని గోడకు తాకించమనండి. తాకితే చీలమండ బాగానే ఉన్నట్టు. అప్పుడు పాదాలు కొంచెం ఎడం చేయించి, వేళ్లు కాస్త బయటికి తిప్పించి, తేలికపాటి డంబెల్ ఒకటి ఛాతీకి ఆనించి పట్టుకోమనండి. ముందు ఆ బరువు ఉంటే వెనక్కి పడతానన్న భయం పోతుంది, మనిషి ధైర్యంగా కూర్చుంటాడు. మోకాలు గోడకు తాకకపోతే ఆ రోజుకు మడమల కింద చెరో 2.5 కిలోల ప్లేటు పెట్టించండి. చీలమండ సాగడానికి కొన్ని వారాలు పడుతుందని మాత్రం ఆయనతో చెప్పండి.

మోకాళ్లు లోపలికి ముడుచుకుంటే "మోకాళ్లను చిటికెన వేళ్ల వైపు నెట్టండి" అంటే చాలు. నడుము గుండ్రంగా వంగిపోతుంటే లోతు తగ్గించి బెంచీ మీద కూర్చుని లేచేలా చేయించండి. ఒకసారికి ఒక్క సూచనే ఇవ్వండి. మూడు కలిపి చెబితే ఆయన ఊపిరి తీయడమే మరిచిపోతాడు.

దీనికి సాధన జిమ్‌లో కుదరదు, అక్కడ అందరికీ ఎంతో కొంత వచ్చే ఉంటుంది. ఇంట్లో చేయండి. జిమ్ మెట్లెక్కని ఐదుగురిని పట్టుకోండి: అమ్మ, పక్కింటి అంకుల్, తమ్ముడి స్నేహితుడు. ఒక్కొక్కరికీ స్క్వాట్, నడుము వంచకుండా తుంటి నుంచి వంగడం, గోడ పుషప్, డంబెల్ రో (ముందుకు వంగి డంబెల్‌ను నడుము వైపు లాగడం), ప్లాంక్ (మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం) నేర్పి ఫోనులో వీడియో తీసుకోండి. తర్వాత ఆ వీడియోలో వాళ్లను వదిలేసి మిమ్మల్ని చూసుకోండి. ఎంతసేపు మాట్లాడారు, ఎంతసేపు చూశారు, ఎటు పక్క నిలబడ్డారు? మోకాళ్ల వరుస ముందు నుంచే తెలుస్తుంది, నడుము మాత్రం పక్క నుంచే. ఒకే చోట పాతుకుపోయి నిలబడే ట్రైనరుకు సగమే కనిపిస్తుంది.

అన్నట్టు, స్క్వాట్ అన్న మాట ఎన్నడూ వినని పెద్దావిడను "గొంతుకూర్చోండమ్మా" అని అడిగి చూడండి. పదేళ్లుగా బరువులెత్తుతున్న కుర్రాళ్లకు రాని లోతు ఆమెకు అలవోకగా వచ్చినా రావచ్చు.

ఇంకొకటి, చిన్నదే కానీ దీనితోనే ఇద్దరిని వద్దనుకున్నాం. సభ్యుల ఒంటి మీద చేయి వేసే ముందు "ఇక్కడ చేయి ఆనించి సరిచేయనా?" అని అడగాలి. మహిళా సభ్యులే కానక్కరలేదు, ఎవరినైనా అడగాలి. ఇంటర్వ్యూలో నన్ను అడిగారో లేదో నేను గమనిస్తూనే ఉంటాను.

"బీపీ, షుగరు ఉన్నవాళ్ల గురించి అడిగితే తడబడ్డాను"

"52 ఏళ్ల ఆయన, బీపీకి మాత్ర వేసుకుంటారు, కుడి మోకాలు నొప్పి అంటున్నారు. ఏం చేయిస్తారు?" ఈ ప్రశ్న దాదాపు ప్రతి జిమ్‌లోనూ ఏదో ఒక రూపంలో వస్తుంది. వెంటనే వ్యాయామాల పట్టీ చదవడం మొదలుపెడితే చిక్కే. ఎదురు ప్రశ్న వేస్తే తనకు తెలియదనుకుంటారేమోనని అభ్యర్థి భయం. నాకు వినిపించాల్సింది ఆ ఎదురు ప్రశ్నే.

వ్యాయామం మొదలుపెట్టే ముందు నింపించే పార్‌క్యూ ప్లస్ అనే పత్రంలో ఏడు ప్రశ్నలుంటాయి: గుండె జబ్బు లేదా బీపీ ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరిగి పడిపోయారా, దీర్ఘకాల జబ్బులున్నాయా, మందులేమిటి, ఎముకలూ కీళ్ల ఇబ్బందులేమిటి, డాక్టరు పర్యవేక్షణలోనే వ్యాయామం చేయాలని ఎవరైనా చెప్పారా. ఇవి అడుగుతానని, అవసరమైతే డాక్టరు చీటీ తెమ్మంటానని చెప్పండి. ఆ తర్వాతే వ్యాయామం. ఊపిరి బిగబట్టి బరువెత్తనివ్వను, నొప్పి లేనంత లోతులోనే కుర్చీ మీద కూర్చోబెట్టి లేపుతాను, చివర్లో ఒక్కసారిగా ఆపేయకుండా నడిపిస్తాను అనండి. మోకాలు చూసి "అరుగుదల" అని మాత్రం అనకండి. జబ్బుకు పేరు పెట్టే పని డాక్టరుది.

ఇక్కడ మంచి అభ్యర్థి తేలే చోటు ఒకటుంది. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందని అందరూ బట్టీపట్టి వస్తారు. అది ఉజ్జాయింపు లెక్క. బీటా బ్లాకర్ అనే రకం బీపీ మాత్రలు గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వవు. ఆ మందు వాడే మనిషిని ఈ లెక్కతో పరుగెత్తిస్తే అందని అంకె కోసం తరిమినట్టే. వ్యాయామం చేస్తూ మాట్లాడగలుగుతున్నారా, వాక్యం మధ్యలో ఆయాసంతో ఆగిపోతున్నారా అన్నది చూస్తే మేలు. ఈ మాట చెప్పినవాళ్లు నాకు ఇంతవరకూ ఇద్దరే తగిలారు, ఇద్దరినీ తీసుకున్నాం.

షుగరు ఉన్నవాళ్ల విషయంలో వణుకు, చెమటలు, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వ్యాయామం ఆపి, 15 గ్రాముల గ్లూకోజు లేదా మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి. సీపీఆర్ అంకెలు తెలిసినవే: నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. అంకెలు చెప్పి ఊరుకోనివ్వం, దిండు ఇచ్చి చేసి చూపించమంటాం. మోచేతులు వంచి నొక్కేవాళ్లు ఇరవై సెకన్లకే అలసిపోతారు.

"డైట్ గురించి చెబితే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు"

ఆరుపూటలా ఉడికించిన చికెన్, బ్రకోలీ అని చెప్పి ఉంటారు. పోటీలకు తయారయ్యేవాళ్ల తిండి అది. మా సభ్యురాలు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి చపాతీ తింటుంది, శనివారం గుడ్డు ముట్టదు, కార్తీకమాసం వస్తే నెలంతా అంతే. ఆమె వంటగదిలోంచే లెక్క కట్టగలగాలి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీను కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తడం మొదలుపెడితే 1.2 చొప్పున 72 గ్రాములు అనుకుందాం. ఆమె తినేది చూడండి: గుడ్లు రెండు 12, ఒక పూట పప్పు ఆరేడు, గ్లాసు పాలు 8, రెండు పూటల పెరుగు 6, అన్నం, చపాతీ, ఇడ్లీల నుంచి పదిహేను దాకా. మొత్తం 47 లేదా 48. తక్కువపడేది పాతిక. 60 గ్రాముల పెసలతో పెసరట్లు పోసుకుంటే 14 వస్తాయి, కూరలో 25 గ్రాముల మీల్‌మేకర్ వేస్తే ఇంకో 13. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. డబ్బా పౌడర్ పేరు ఎత్తకుండా ఇక్కడిదాకా వచ్చారంటే మేనేజరు కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఈ లెక్క వర్తించదనీ, వాళ్లను డైటీషియన్ దగ్గరికి పంపుతాననీ కలపడం మరవకండి.

"పీటీ అమ్మగలరా అంటే ఏం చెప్పాలో తెలియలేదు"

పీటీ అంటే పర్సనల్ ట్రైనింగ్, సభ్యుడు విడిగా డబ్బు కట్టి ఒక ట్రైనరు దగ్గర నేర్చుకోవడం. "నాకు సేల్స్ రాదు సార్" అన్నా ఉద్యోగం రాదు, "నెలలో పది కిలోలు తగ్గిస్తానని చెప్పి అమ్ముతాను" అన్నా రాదు. మొదటి జవాబుతో జిమ్‌కు ఆదాయం రాదు, రెండో జవాబుతో వచ్చే నెల రిసెప్షన్ దగ్గర గొడవ వస్తుంది. వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గడం మామూలు వేగమని ధైర్యంగా చెప్పండి. పీటీ ఎలా తెస్తారంటే, ఫ్లోర్ మీద ఒంటరిగా తంటాలు పడుతున్న మనిషికి ఒక్క తప్పు ఉచితంగా సరిచేస్తాను, పేరు గుర్తుపెట్టుకుంటాను, వారం తర్వాత అదే వ్యాయామం ఎలా ఉందో అడుగుతాను అనండి. మా దగ్గర ఎక్కువ పీటీ ఉన్న ట్రైనర్ చేసేది అదే. అతడు పెద్ద మాటకారి కూడా కాదు.

"ఇంగ్లిష్ రాదు, అదే భయం"

జిమ్‌లో వాడే వాక్యాలు ఇరవైకి మించవు. ఊపిరి వదలండి, నెమ్మదిగా దించండి, నొప్పి ఎక్కడ, ఇంకెన్ని చేయగలరు. వీటిని ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ రాసుకుని పది రోజులు పైకి చదవండి. ఇంటర్వ్యూలో తెలుగులో చెబుతానంటే ఎవరూ కాదనరు. రానిది వచ్చినట్టు నటిస్తేనే చిక్కు.

"పాత జిమ్ ఎందుకు మానేశారన్న దగ్గర ఇరుక్కున్నాను"

పాత యజమానిని తిట్టడం మొదలుపెడితే, రేపు మమ్మల్నీ ఇలాగే తిడతారని అర్థమవుతుంది. దూరం, షిఫ్టు, జీతం ఆలస్యం, నిజమేదో ఒక్క వాక్యంలో చెప్పి ఆపండి. ఇంకో ప్రశ్న మాటల మధ్యలో తేలిగ్గా వస్తుంది: "ఎవరైనా ఇంజెక్షన్లు అడిగితే తెప్పించగలరా?" కండల కోసం వాడే స్టెరాయిడ్ల మాట అది, స్నేహంగా నవ్వుతూ అడుగుతారు. మీరూ నవ్వి "తెలిసినవాళ్లున్నారు సార్" అన్నారంటే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. తెప్పించను, వాడమని చెప్పను, సభ్యుడు వాడుతున్నాడని తెలిస్తే డాక్టరును కలవమంటాను: జవాబు ఇంతే. నిజంగానే తెప్పించమనే జిమ్ తగిలితే మీరే లేచి రండి.

"తీసుకుంటామన్నారు, చేరాక లెక్క తేడా వచ్చింది"

చేరకముందే అడిగి కాగితం మీద రాయించుకోవలసినవి: నికర జీతం ఎంత, పీటీలో మీ వాటా ఎంత శాతం, సభ్యుడు మధ్యలో మానేస్తే ఆ వాటా ఏమవుతుంది, వారపు సెలవు ఏ రోజు. జీతం గురించి అడిగితే చులకన అవుతామనుకోకండి.

"స్క్వాట్ చేసి చూపించలేకపోయాను"

నవ్వకండి, ఇదీ జరిగింది. ఇంటర్వ్యూకు ఫిట్‌గా కనిపించాలని ముందురోజు సాయంత్రం కాళ్ల వ్యాయామం దంచి వచ్చాడొకతను. మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకున్నాడు, బెంచీ మీద నుంచి లేవలేక నా చేయి అడిగాడు. రెండు రోజుల ముందు నుంచీ కాళ్లకు సెలవివ్వండి.