బొప్పాయి మీద తెల్ల పిండి కనిపిస్తే

బొప్పాయి ఆకు అడుగున, ఈనెల పక్కన దూది అంటించినట్టు తెల్లగా ఉంటే అది చాలావరకు పిండినల్లే. అనుమానముంటే అగ్గిపుల్లతో నొక్కి చూడండి, పసుపు రసం వస్తుంది. నేనైతే ముందు చీమల్నే చూస్తాను. కాండం మీద చీమల బారు పైకీ కిందికీ తిరుగుతోందంటే, పైన పిండినల్లి వదిలే తీపి జిగురు ఉందేమో వెతకాల్సిందే. ఆ జిగురు మీదే తర్వాత నల్లటి మసి పడుతుంది.

మొదటిసారి నేనో తెలివితక్కువ పని చేశాను. తెల్లటి కుచ్చులతో పెద్ద పురుగులు తిరుగుతుంటే అవే అసలు దొంగలనుకుని నలిపేశాను. తీరా చూస్తే అవి పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్లలు! పిండినల్లి దాదాపు కదలదు. ఇవి దానికంటే పెద్దవి, చకచకా నడుస్తాయి.

బాగా పట్టిన ఆకులు కోసి సంచిలో మూటకట్టి పారేయండి. చెట్టు కిందే పడేస్తే పిల్లపురుగులు మళ్ళీ పైకి ఎక్కుతాయి. మిగతా ఆకుల అడుగున పైపు నీళ్ళు గట్టిగా కొట్టండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. బొప్పాయి ఆకు సున్నితం కాబట్టి ముందు ఒక్క ఆకు మీద కొట్టి రెండ్రోజులు ఆగండి. గుడ్లు దూది సంచిలో భద్రంగా ఉంటాయి కాబట్టి ఒక్కసారితో పోదు, వారం పది రోజులకోసారి కొడుతూ ఉండాలి. చీమలకు మాత్రం కాండం చుట్టూ గుడ్డ కట్టి దానిపై గ్రీజు రాయండి, బెరడుకు నేరుగా వద్దు.