గాడిపొయ్యికి కట్టెలు ఎంత లావు ఉండాలి

పెళ్ళివంట మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు అన్నీ అయ్యాక చివర్న అడుగుతారు: "కట్టెలు మేమే తోలిస్తామండి, ఎలాంటివి కావాలి మాస్టారూ?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దాయన అందుకుంటాడు: "మంచి లావు దుంగలు చూసి తెండ్రా, మధ్యాహ్నం దాకా ఆరకూడదు." లావు కట్టె ఎక్కువసేపు ఉంటుందన్నది అబద్ధం కాదు. కానీ మన పొయ్యిలో అది సగం నిజమే. ఆ రెండో సగం తెలియక గుండిగ కింద పొగ, వంటవాడి కళ్ళలో నీళ్ళు, ఇంటివాళ్ళకి టెన్షన్.

కోనసీమలో రావులపాలెం నుంచి రాజోలు దాకా, వశిష్ఠ గోదావరి దాటి పాలకొల్లు వైపు కూడా వంటలకి వెళ్తుంటాను. నేలలో పొడుగ్గా తవ్వి, పైన గుండిగలు పెట్టే గాడిపొయ్యి గ్యాస్ బర్నర్లు వచ్చాక తగ్గింది గానీ పోలేదు. పప్పు, పనసపొట్టు కూర, పరమాన్నం కట్టెల మీదే కావాలనేవాళ్ళు ఇంకా ఉన్నారు. పెరట్లో నీళ్ళకాగు కింద రోజూ కట్టె పెట్టే ఇళ్ళూ ఉన్నాయి. వీళ్ళందరికీ పనికొచ్చేలా, కట్టె లావు ఎలా ఎంచుకోవాలో చెబుతాను.

ముందు కట్టె ఎలా మండుతుందో చూద్దాం. వేడి తగలగానే పైపొరలో ఉన్న నీరు ఆవిరైపోతుంది. ఇంకా వేడెక్కితే పొగలాంటి గ్యాసు బయటికొస్తుంది. మనం చూసే మంట ఆ గ్యాసుదే. అదంతా పోయాక మిగిలే బొగ్గు మంట లేకుండా ఎర్రగా కాలుతుంది. అంటే వేడికీ గాలికీ ఎంత పైముఖం దొరికితే అంత జోరు. నాలుగంగుళాల చదరపు దుంగ ఒకటి అనుకోండి. దాని చుట్టుకొలత 16 అంగుళాలు. దాన్నే నాలుగు పేళ్ళుగా చీలిస్తే ఒక్కోటి రెండంగుళాల చదరం, చుట్టుకొలత 8, నాలుగూ కలిపి 32. కర్ర అదే, బరువు అదే, మండే ముఖం మాత్రం రెట్టింపు. అందుకే పేళ్ళు త్వరగా అంటుకుంటాయి, మంట పెద్దదిగా వస్తుంది, త్వరగానే అయిపోతాయి.

అలాగని సన్నదల్లా త్వరగా అయిపోతుందనుకోకండి. కోతమిల్లుల దగ్గర రంపపు పొట్టు పొయ్యి వాడేవాళ్ళని చూడండి. పొట్టుని గుప్పెడు తీసి మంట మీద చల్లితే భగ్గుమని క్షణంలో పోతుంది. అదే పొట్టుని డబ్బాలో, మధ్యన సీసా నిలబెట్టి, చుట్టూ గట్టిగా కూరి, సీసా మెల్లగా పైకి లాగేసి, ఆ కన్నంలో నిప్పు పెడితే మళ్ళీ ఏమీ వెయ్యకుండా గంటల తరబడి కాలుతుంది. గాలి తగిలేది కన్నం లోపలి గోడకే కదా. కాబట్టి లెక్కంతా గాలి తగిలే ముఖంది. లావూ సన్నమూ దాని తర్వాతే.

చలి దేశాల్లో ఇల్లు వెచ్చబెట్టే ఇనప పొయ్యిలకి తలుపు ఉంటుంది. గాలి వచ్చే కన్నాన్ని తగ్గించుకోవచ్చు. పడుకునే ముందు బాగా ఎండిన లావు దుంగలు నింపి, అవి అంటుకున్నాక గాలి తగ్గిస్తే తెల్లారేదాకా నిప్పు నిలుస్తుంది. ఇంటర్నెట్లో "లావు కట్టె వెయ్యండి, రాత్రంతా మండుతుంది" అని చెప్పేది ఆ పొయ్యి గురించి. మన గాడికి తలుపేది? రెండు వైపులా నోళ్ళే. ఇంట్లో మూడు రాళ్ళ పొయ్యి అయితే చుట్టూ గాలే. ఇందులో ఒంటరిగా పడేసిన లావు దుంగ పైపైన నల్లబడి, పొగ చిమ్మి, ఆరిపోతుంది. తను వెదజల్లే వేడిని తిరిగి దాని మీదికి కొట్టేది పక్కన ఇంకోటి ఉండాలి. రెండు మూడు కట్టెలు ఎదురెదురుగా, మధ్యన వేలు దూరేంత సందుతో ఉంటే ఒకదాన్నొకటి మండించుకుంటాయి. సందు లేకుండా పేరిస్తే గాలాడదు, జానెడు ఎడం పెడితే వేడి చాలదు.

అందుకని మన పొయ్యిలో నిలకడ ఎక్కువగా కట్టె పొడవు నుంచి వస్తుంది. కట్టె కొస మాత్రమే గుండిగ కింద కాలుతుంటుంది, మిగతాది బయట ఉంటుంది, కాలినకొద్దీ లోపలికి నెట్టుకుంటాం. గాడికి రెండు మూరల పొడవు, ఇంటి పొయ్యికి మూరెడు నుంచి మూరన్నర అడగండి. అంతకంటే పొట్టి ముక్కలైతే వేసినది వేసినట్టే అయిపోతుంది, మాటిమాటికీ ఒకడు పొయ్యి దగ్గరే కూర్చోవాలి. మరీ పొడవైతే పిల్లలు కాళ్ళకి తగులుకుంటారు, కొస ఎత్తుగా లేచి గుండిగని కదిలిస్తుంది.

ఇప్పుడు లావు. మూడు రకాలు వేరువేరుగా పడేయించండి, కలిపి గుట్ట పోయొద్దు. చితుకులు చిటికెన వేలి లావు: సరుగుడు రెమ్మలు, ఎండు కొబ్బరి కమ్మ, ఈనెలు. నడిమి రకం మణికట్టు లావు, అంటే రెండు రెండున్నర అంగుళాల పేడు. మూడోది బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ, నాలుగైదంగుళాలు, కనీసం ఒక వైపైనా చీల్చినది. బెరడు చుట్టూ అలాగే ఉన్న గుండ్రటి దుంగ అంటుకోవడానికి చాలా సతాయిస్తుంది. చీల్చిన ముఖం, దాని పదునైన అంచులు ముందు రాజుకుంటాయి. ఆరంగుళాలు దాటినవి గాడిలోకి వద్దు, అవి భోగిమంటకి దాచుకోండి, అక్కడ పైన గుండిగ లేదు కాబట్టి ఎంత మొద్దైనా ఫరవాలేదు. మొత్తం పది పాళ్ళనుకుంటే చితుకులు ఒక పాలు, మణికట్టు రకం ఆరు పాళ్ళు, లావువి మూడు పాళ్ళు తోలించమంటాను. చాలామంది దీన్ని తిరగేసి తెస్తారు. అప్పుడు పెళ్ళిపందిట్లో గొడ్డలి పట్టాల్సి వస్తుంది.

ఏది ఎప్పుడు వెయ్యాలన్నది వంటని బట్టి. వెలిగించేటప్పుడు చితుకులు, వాటి మీద మణికట్టు పేళ్ళు అడ్డదిడ్డంగా. ఎసరు మరిగే దాకా మంట కావాలి కాబట్టి ఈ రకమే సాగుతుంది, లావు కట్టె జోలికి వెళ్ళొద్దు. ఈలోపు అడుగున బెత్తెడు మందాన నిప్పులు పడతాయి. లావు కట్టెకి ముహూర్తం అప్పుడు. ఎర్రటి నిప్పుల మీద, చీల్చిన ముఖం కిందికి పెట్టి, పక్కన రెండు మణికట్టు పేళ్ళు తోడు ఇస్తే అది పొగ లేకుండా రాజుకుని నిదానంగా చాలాసేపు ఉంటుంది. పప్పు, పులుసు, నీళ్ళకాగు దీని మీద హాయిగా నడుస్తాయి. బూరెల మూకుడు కింద మాత్రం లావు కట్టె పెట్టనివ్వను. నూనె కాక ఎక్కువైతే చప్పున తగ్గించాలి, లావు కట్టెని లాగినా అది వదిలిన నిప్పులు వేడి ఇస్తూనే ఉంటాయి. మణికట్టు పేళ్ళు రెండే పెట్టి, ఒకటి లాగుతూ నెడుతూ చేసుకోవాలి. అన్నం ఉడికాక కట్టెలన్నీ లాగేసి నిప్పుల సెగ మీద ఉమ్మగిలనివ్వడం అందరికీ తెలిసిందే. పరమాన్నానికి కూడా బెల్లం వేసే వేళకి మంట అక్కర్లేదు.

గాడిని కట్టెలతో నింపేయకండి. లోతులో సగానికి మించి కట్టె ఉంటే పైన మంట ఆడడానికి చోటుండదు, గుండిగ అడుగున మసి తప్ప వేడి ఎక్కదు. ఇక గాలి. తెల్లవారుజామున వెలిగించినప్పుడు ఆకు కదలదు, ఎండ ఎక్కాక సముద్రం గాలి లేస్తుంది. అల్లవరం, ఉప్పలగుప్తం వైపైతే మరీను. పొద్దున్న సరిగ్గా సరిపోయిన మణికట్టు పేళ్ళు అప్పుడు చూస్తుండగానే అయిపోతాయి. గాలి వచ్చే వైపు నోటికి పాత రేకు ముక్క అడ్డం పెట్టి, వెడల్పుగా కాక కాస్తే తెరిచి ఉంచి, రెండు లావు కట్టెలు ఎక్కువ దింపాలి. మనకున్న తలుపు ఆ రేకొక్కటే.

మా నేల సంగతి ఒకటి. లంకల్లో, కాలవగట్టు దగ్గరి తోటల్లో వానాకాలం కాస్త తవ్వితే చెమ్మ తేలుతుంది. చెమ్మ నేల నిప్పుల వేడిని తాగేస్తుంది, ఎంత మంచి లావు కట్టె అయినా అడుగున నల్లబడుతుంది. అలాంటిచోట తవ్వకుండా ఇటుకలు పేర్చి నేల మీదే గాడి కట్టించండి. అడుగున పొడి ఇసక పోసి, వంటకి ముందు కొబ్బరి డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు), మట్టలు వేసి ఒకసారి బాగా కాల్పించండి.

ఏ కర్ర అన్నదానికి వస్తే, బాగా ఎండినవి బరువుకి బరువు పెడితే అన్నీ ఇంచుమించు ఒకే వేడి ఇస్తాయి. తేడా గట్టిదనంలో. సరుగుడు, నల్లతుమ్మ, చింత గట్టివి, అదే లావులో ఎక్కువ బరువు ఉంటాయి, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. నా ఓటు సరుగుడుకి. తీరం వెంట ఇసక నేలల్లో విరివిగా పెంచుతారు, తిన్నగా ఉంటుంది, మణికట్టు లావు కర్రలు చీల్చకుండానే దొరుకుతాయి. మామిడి తేలిక, త్వరగా మండిపోతుంది, కాబట్టి దాన్ని మణికట్టు రకం కంటే ఒక అంగుళం ఎక్కువ లావుగా చీల్పించుకోండి. ములగ, బూరుగ పొయ్యికి దండగ. గన్నేరు కర్ర పొగ విషం, వంట దగ్గరికి రానివ్వద్దు. వెదురు వేస్తే చీల్చి వెయ్యండి, గణుపుల మధ్య గాలి వేడెక్కి టపాకాయల్లా పేలతాయి. రంగులేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు అసలే వద్దు.

కొబ్బరి చెట్టు గురించి కోనసీమ మనిషిగా రెండు మాటలు ఎక్కువ చెప్పక తప్పదు. 1996 నవంబర్ 6 తుఫాన్‌కి ఇక్కడి తోటలు నేలమట్టమయ్యాయి, పడిన మానుల్ని ఏం చేసుకోవాలన్నది ప్రతి ఇంటి సమస్య అయింది. కొబ్బరి మాను మామూలు చెట్టులా ఉండదు. గట్టిదనమంతా బెరడు పక్కన, నడిమధ్య మెత్తటి పీచు. పైచెక్క చీల్చి ఎండబెడితే సరుగుడికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మధ్యది నీళ్ళు పీల్చి, ఎండినా లోలోపల రాజుకుంటుందే తప్ప మంటనివ్వదు. కాబట్టి దుంగని నిలువునా చీల్చి, మధ్య పీచు తీసి పడేసి, పైచెక్కనే మణికట్టు లావు పేళ్ళుగా వాడుకోండి. మట్టలు వెలిగించడానికి బాగుంటాయి. చిప్పలు జోరుగా మండి మసి ఎక్కిస్తాయి. డొక్కలు మంటకి కాదు, నిప్పు నిలపడానికి: వంట మధ్యలో గంట విరామం వస్తే నాలుగు డొక్కలు నిప్పుల్లో కప్పండి చాలు.

ఎంత లావు అన్నది ఎంత ఎండిందన్న దాంతో కలిపి చూడాలి. అప్పుడే కొట్టిన కర్ర బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. అడితిలో కట్టె తూకానికి అమ్ముతారు, కాబట్టి పచ్చిది కొంటే నీళ్ళకి డబ్బు కట్టినట్టే. ఆ నీటిని మళ్ళీ మీ మంటే ఆవిరి చెయ్యాలి. లావు దుంగలో నీరు బయటికి రావడానికి దారి కోసిన కొసలు, చీల్చిన ముఖమే, బెరడు దాన్ని వదలదు. అందుకని లావుగా వాడబోయేదాన్నైనా ముందే రెండుగా చీల్చి ఆరబెట్టండి. మాఘ ఫాల్గుణాల్లో కొట్టించి చీల్పిస్తే ఎండాకాలమంతా కలిసొస్తుంది. తుమ్మలాంటివి పచ్చిగా ఉన్నప్పుడే సులువుగా చీలతాయి, ఎండితే గొడ్డలి వెనక్కి ఎగురుతుంది. ఇటుకల మీద, నేలకి తగలకుండా, సందులు ఉంచి పేర్చి, పైన మాత్రమే రేకు కప్పండి. చుట్టూ పట్టా చుట్టేస్తే మన గాలిలో ఉన్న తేమకి లోపల బూజు పడుతుంది.

అడితిలో పరీక్ష తేలికే. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొసల్లో నెర్రెలు ఉండాలి, బెరడు గోటితో లేవాలి. తెచ్చాక పొయ్యిలో కొస నుంచి నురగ కక్కుతూ చుయ్‌మంటుంటే అవి ఆ రోజుకి పనికిరావు. తప్పనిసరైతే సన్నగా చీల్చి గాడి గట్టు పక్కన వేడికి ఆరబెట్టుకుంటూ, ఎండు పేళ్ళ మధ్య ఒక్కొక్కటీ దించండి.

వంట అయ్యాక సగం కాలిన కొరకంచుల్ని నీళ్ళు పోసి ఆర్పకండి. గాడి బయటికి లాగి ఇసక కప్పండి. పైన బొగ్గుపట్టిన కొస మర్నాడు చితుకుల అవసరం పెద్దగా లేకుండానే అంటుకుంటుంది. నిప్పుల్ని బకెట్లో ఎత్తి గదిలో పెట్టుకోవడం, చలికాలం తలుపులేసుకుని దగ్గర పడుకోవడం ప్రాణం మీదికి తెస్తాయి, వాటి గ్యాసుకి వాసన ఉండదు. గాడి పూడ్చేవాళ్ళు ముందు పొడుగు కర్రతో అడుగుదాకా కెలికి చూడాలి. పైన బూడిద చల్లబడినా లావు కట్టె తాలూకు నిప్పు కింద ఇంకా ఉంటుంది, అప్పుడు మాత్రం నీళ్ళు పోసే పూడ్చండి.