చేప పడని రోజునీ రాయాలి: తీరంలో వేట లెక్క తీసే పద్ధతి

విశాఖ తీరంలోని పెదజాలరిపేట, మంగమారిపేట, భీమిలి లాంటి చోట్ల ఒడ్డుకొచ్చే చేపను ఊరివాళ్లే లెక్క రాసుకుంటే బతుకుతెరువూ, సముద్రంలో ఏమేం మిగిలాయన్నదీ ఒకే పుస్తకంలో తెలుస్తాయి. అయితే గంపలు నిండిన పడవ చుట్టూనే జనం మూగుతారు, లెక్క రాసేవాళ్లూ అక్కడికే పోతారు. అలా రాస్తే సగటు వేట ఉన్నదానికంటే ఎక్కువ తేలుతుంది. అందుకని ముందురోజే చీటీలు తీసి ఏ ఐదు పడవలను చూడాలో తేల్చుకోండి. ఖాళీగా వచ్చిన పడవకు సున్నా వేయండి. వేటకే వెళ్లని పడవకు సున్నా వేయొద్దు. గాలి వల్లో, ఇంజను పాడయ్యో, డీజిల్‌కు డబ్బుల్లేకో, కారణం రాయండి.

వెళ్లిన, వచ్చిన టైము, వల రకం, వల కన్ను (రంధ్రం) సైజు, మనుషులు, డీజిల్ లీటర్లు, ఐసు ఖర్చు తప్పనిసరి. ఖాళీ గంపను ముందే తూచండి. నీళ్లు ఓడాకే చేప తూచాలి. కూరకని పక్కన పెట్టిన చేప వేలానికి రాదు, అడిగి రాసుకోవాలి. ధర వేలం పాడే ఆడవాళ్లను అడగండి, వాళ్లకే కచ్చితంగా తెలుసు. అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికే అమ్మాల్సి వస్తే అతనిచ్చిన ధర, ఆరోజు వేలం ధర రెండూ రాయండి. అప్పు ఎంత తినేస్తోందో ఆ తేడాలోనే ఉంది.

గంపలో పైన పెద్ద చేపలు పేరుస్తారు కాబట్టి పైన, మధ్యన, అడుగున కలిపి రెండు కిలోలు తీసి రకాలవారీగా లెక్కపెట్టండి. కవ్వళ్లు, నెత్తళ్లు అనే చిన్న చేపల పేర్ల కింద చాలా జాతులున్నాయి. ఊరి పేరే రాసి, ఐసు వేయకముందే ఫొటో తీయండి, తర్వాత రంగు మారుతుంది. తల ఎడమవైపు, రెక్కలు విప్పి, పక్కన స్కేలు. కానాగంతల (మాకెరెల్ చేపల) పొడవు మూతి నుంచి తోక చీలిక దాకా కొలవండి. తోక కొసలు విరిగిపోతుంటాయి.

వలలో తాబేలు పడితే తేదీ, వల రకం, బతికుందా లేదా రాయండి, పడవ పేరు మాత్రం వద్దు. ఆలివ్ రిడ్లీ తాబేలుకి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కేసు భయముంటే ఎవరూ నిజం చెప్పరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఇంజను లేని తెప్పలే వెళ్తాయి. ఆ లెక్క వేరే పేజీలో పెట్టండి.

పుస్తకం ఊళ్లోనే ఉండాలి, బయటివాళ్లు ఫొటోలు తీసుకోవచ్చు. నెలకోసారి చదివి వినిపించండి. "ఆరోజు గాలి కాదు, నీటి లాగుడు ఎక్కువ" అని ఎవరైనా సరిదిద్దితే, పాత మాట కొట్టేయకుండా పక్కన తేదీతో రాయండి.